పాముకాటు – సంఘసభ్యుల కర్తవ్యము



విత్తనమును గూర్చియు, ఎరువును గూర్చియు, పైరు నాశించు పురుగులను గూర్చియు ఈ పత్రికలో తఱచుగా వ్రాయబడుచున్నది. ఆ పైరును పెంచు చేతిని, చీకటిలో గట్టుమీద నడచు కాలిని గూర్చి వ్రాయుట అరుదు. తొలకరి మొదలు కోతలవఱకు మన పల్లెలను పీడించు ఆపదలలో పాముకాటు ముఖ్యమైనది. 2020లో ప్రకటింపబడిన యొక పరిశోధనము ననుసరించి, 2000 మొదలు 2019 వఱకు మన దేశమున పాముకాటువలన సుమారు 12 లక్షలమంది మరణించిరి. అనగా ఏటికి సగటున 58 వేలమంది. అందు సగము మరణములు జూన్ మొదలు సెప్టెంబరు వఱకు గల వర్షకాలముననే సంభవించినవి. మరణములు హెచ్చుగా గల రాష్ట్రములలో తెలంగాణముతో గూడిన ఆంధ్రదేశమును ఒకటి. మరణించినవారిలో అత్యధికులు పల్లెవాసులు.

మన పొలములందు దిరుగు పాములలో ప్రాణాంతకములైనవి ముఖ్యముగా నాలుగు. త్రాచు పడగ విప్పును గావున దాని నందఱు నెఱుగుదురు. రక్తపింజర గడ్డిలోను, ఎండుటాకులలోను కదలక పడియుండి కాలు సోకినంతనే కఱచును. చిన్నపింజర మెట్టనేలలలో నుండి, పొలుసులను రాచుకొని ఱంపపుకోతవంటి ధ్వని చేయును. కట్లపాము రాత్రివేళ ఇండ్లలోనికి వచ్చి నేలపై నిద్రించువారిని కఱచును. దీనికాటు చీమకుట్టినట్లైనను తోపకపోవచ్చును. రాత్రి బాగుగనున్న మనిషి తెల్లవారుజామున కడుపునొప్పి యనుచు లేచి, కనుఱెప్పలు వ్రాలి, మాట తడబడుచున్నచో కట్లపామును శంకింపవలెను. ఒంటిపై గాటు కనబడలేదని ఉపేక్షింపరాదు.

త్రాచు, కట్లపాముల విషము నరములను మొద్దుబార్చి ఊపిరి నాపును. పింజరల విషము నెత్తురు గడ్డకట్టు గుణమును చెఱచును; కాటుచోటు వాచును, చిగుళ్లనుండి నెత్తురు కారును. రక్తపింజర విషమువలన మూత్రపిండములును చెడును. వైద్యుడు కొంచెము నెత్తురును శుభ్రమైన పొడిగాజుగొట్టములో బోసి 20 నిమిషములు కదపక యుంచును. అది గడ్డకట్టకున్నచో పింజరవిషము శరీరమున నున్నదని తెలిసికొనును. ఇట్టి సులభపరీక్ష చిన్న ఆసుపత్రిలో సయితము చేయవచ్చును.

ఇక మన యలవాట్లను విచారింతము. పాము కఱచినంతనే కొందఱు మంత్రగానియొద్దకు గొనిపోయెదరు. మిరపకాయ నమిలించి కారము తెలియుచున్నదా యని చూచెదరు. పసరు పోసెదరు, నల్లరాయి నంటించెదరు. వీనివలన బ్రదికినవారు లేరా యని మీ రడుగవచ్చును. ఉన్నారు. ఏలయన, కఱచు పాములలో విషము లేనివే యధికము. విషసర్పము సయితము ప్రతికాటునను విషము నెక్కింపదు. అట్టివారు మంత్రము లేకున్నను బ్రదుకుదురు. నిజముగా విషమెక్కినవానికి మాత్రము ఆ గడచిన రెండు గడియలే ప్రాణమునకు వెల యగును.

చేయదగిన పనులు స్వల్పములు. కఱవబడినవానికి ధైర్యము చెప్పి పరుండబెట్టవలెను, నడువనీయరాదు. ఉంగరములు, గాజులు, మెట్టెలు వాపు రాకముందే తీసివేయవలెను. విఱిగిన యెముకకు కట్టునట్లు కఱ్ఱబద్ద నానించి, గుడ్డతో వదులుగా గట్టి, ఆ యవయవమును కదలకుండ జేయవలెను. బిగువుగా త్రాడు గట్టిన కాలు కుళ్లుటయే గాక, కట్టు విప్పినంతనే విషము ఒక్కుమ్మడిగా దేహమునకు ప్రాకును. కాటును కోయరాదు, నోటితో పీల్చరాదు. పామును వెదకి చంపుటకై కాలము వ్యర్థపుచ్చరాదు. 108కు టెలిఫోను చేయవలెను. బండి యాలస్యమగునని తోచినచో దొరికిన వాహనముననే ఆసుపత్రికి చేర్పవలెను.

పామువిషమునకు విరుగుడు విషనిరోధక సూదిమందు ఒక్కటియే. పైనాలుగు పాముల విషమును గుఱ్ఱములకు కొద్దికొద్దిగా నెక్కించి, వాని నెత్తుటబుట్టిన విరుగుడు పదార్థమును వేఱుచేసి దీనిని తయారుచేయుదురు. ప్రభుత్వవైద్యశాలలలో దీనిని ఉచితముగా నిత్తురు. ఎక్కిన విషము పెద్దవానికైనను బిడ్డకైనను సమానమే గావున మందుపాలును సమానమే. బిడ్డకు సగము చాలునని ఎవరును వైద్యునితో వాదింపరాదు.

ఈ మందునకు వలయు విషమును సేకరించుటలో ప్రసిద్ధికెక్కినది ఒక సహకార సంఘమే యని తెలిసికొన్నచో మన సభ్యులు సంతసింతురు. తమిళనాట ఇరుళులను గిరిజనులు పూర్వము పాములను బట్టి చర్మముల నమ్ముకొని జీవించెడివారు. ఆ వర్తకము చట్టముచే నిషేధింపబడగా, 1978లో రోములస్ విటేకరు సాయమున వారు సహకార సంఘముగా నేర్పడి, పాములను బట్టి విషము దీసి మరల అడవిలో విడుచుట మొదలిడిరి. ఆ తెగకు చెందిన వడివేల్ గోపాల్, మాసి సడయన్ అను నిద్దఱికి 2023లో పద్మశ్రీ బిరుదము లభించినది. ఇల్లిల్లు తిరిగి వేఱువేఱుగా సాధింపలేని పనిని సంఘము సాధించుట కిది తార్కాణము.

కాటును రాకుండ జేయుటయు మన చేతిలో నున్నది. ధాన్యమున్నచోట ఎలుక, ఎలుకయున్నచోట పాము. కావున గడ్డివామిని, పిడకలకుప్పను ఇంటిగోడ కానించి వేయరాదు. ఎలుకబొరియలను పూడ్చవలెను. రాత్రి నీరు పెట్టబోవునపుడు లైటు, చేతికఱ్ఱ, మడమలు దాటిన చెప్పులు ఉండవలెను. గడ్డిమోపును ఎత్తుటకు ముందు కఱ్ఱతో కదపవలెను. నేలపై గాక మంచముపై, అంచులు పఱుపుక్రిందికి దోపిన దోమతెరలో నిద్రించినచో కట్లపాము భయము మిక్కిలి తగ్గును.

ప్రతి సంఘమును తొలకరికి ముందే మూడు పనులు చేయదగును. మొదటిది: పాలకవర్గమువారు ప్రాథమిక ఆరోగ్యకేంద్రమునకు బోయి విషనిరోధక మందు నిలువయున్నదా యని విచారించి, లేనిచో అధికారులకు వ్రాయవలెను. ఆపద వచ్చినపిదప అడుగుట వృథా. రెండవది: రాత్రివేళ వాహనము నియ్యగల సభ్యుల పేళ్లు, టెలిఫోను సంఖ్యలు సంఘకార్యాలయపు గోడపై వ్రాయింపవలెను. మూడవది: 2015లో కేంద్రప్రభుత్వము స్థాపించిన సురక్షా బీమాలో సభ్యుల నందఱిని జేర్పవలెను. 18 మొదలు 70 ఏండ్లవారు బ్యాంకుఖాతానుండి ఏటికి 20 రూపాయలు చెల్లించినచో, ప్రమాదమరణమునకు వారసులకు 2 లక్షల రూపాయలు వచ్చును. పాముకాటుకు వెంటనే ఆసుపత్రిలో జేరిన దాఖలా చూపవలెను. మంత్రగానియొద్ద గడపినవాని కుటుంబమునకు ఆ కాగితము సయితము దొరకదు.

2030 నాటికి పాముకాటు మరణములను సగమునకు దగ్గింపవలెనని 2024లో కేంద్రప్రభుత్వము ఒక ప్రణాళికను ప్రకటించినది. మందు పట్టణమునుండి రావచ్చును, వైద్యుడును రావచ్చును. కఱవబడినవానిని సకాలమున వానియొద్దకు జేర్చునది మాత్రము ఇరుగుపొరుగు రైతే. ఈ విషయమును రాబోవు మహాజనసభలో చర్చించి తీర్మానింప గోరుచున్నాము.