మందు పట్టిన కర్రకు చేవ పెరగదు

టేకు కొనే స్తోమత లేనివారు ద్వారబంధాలకు, దూలాలకు, పాకల నిట్రాళ్లకు తక్కువ రకం కలప తెచ్చి మందు పట్టించుకోవడం పరిపాటి. మందు పడితే కర్ర ఇనుములా గట్టిపడుతుందని చాలామంది నమ్మకం. ఇది నిజం కాదు. మందు కర్రను చెదల నుంచి, కుళ్లు నుంచి కాపాడుతుందే తప్ప బలాన్ని పెంచదు. పద్ధతి తప్పితే ఉన్న బలమూ తగ్గుతుంది.

ఈ మందుల్లో ప్రపంచమంతటా వాడిన ‘ఆస్కు’ను కనిపెట్టినది శొంఠి కామేశం. డెహ్రాడూన్ అటవీ పరిశోధన సంస్థలో పనిచేసిన ఆయన 1933లో రాగి, పాషాణం, క్రోమియం లవణాలను కలిపి దీన్ని తయారుచేశారు. రాగి కుళ్లు పట్టించే బూజును చంపుతుంది. పాషాణం పురుగును చంపుతుంది. ఈ రెండూ వానకు కొట్టుకుపోకుండా క్రోమియం కర్రలో బిగించి ఉంచుతుంది.

కలపను ఇనుప సిలిండరులో పెట్టి, గాలి లాగేసి, మందునీటిని ఒత్తిడితో ఎక్కిస్తారు. పైనున్న తెల్లచెక్కకు మందు బాగా పడుతుంది కానీ లోపలి చేవలోకి అంతగా దిగదు.

ఇక బలం సంగతి. మందు కర్రతో కలిసేటప్పుడు నార కొంత దెబ్బతింటుంది. దూలం విరగకుండా మోయగల బరువు మందు మోతాదునుబట్టి నూటికి 20 వంతుల వరకు తగ్గవచ్చు. మామూలు బరువుకు వంగే తీరులో మార్పు రాదు. ఉన్నట్టుండి పడే దెబ్బకు తట్టుకునే శక్తి మాత్రం తగ్గి కర్ర పెళుసవుతుంది. మందు పట్టించాక 74 డిగ్రీల సెంటీగ్రేడు మించిన వేడిలో ఆరబెడితే నష్టం మరీ ఎక్కువ. నీడన, గాలి తగిలేలా నెమ్మదిగా ఆరనివ్వడమే మేలు. రైలు స్లీపర్లకు పట్టించే క్రియోసోటు నూనె నారతో కలియదు కనుక దానివల్ల బలం పెద్దగా తగ్గదు.

అలాగని మందు మానుకోవడం తెలివి కాదు. కుళ్లిన కర్ర బరువులో పదో వంతు తరిగేసరికి బలం సగానికి పైగా పోతుంది. పైకి బాగానే కనిపించే దూలం గాలివానకు కూలేది ఇందుకే.

కోతలు, చిత్రిక, రంధ్రాలు అన్నీ ముగించుకున్నాకే మందు పట్టించాలి. తర్వాత కోస్తే మందు లేని లోపలి చెక్క బయటపడి చెదలకు దారి ఇచ్చినట్టవుతుంది. బరువు మోసే దూలాన్ని కాస్త లావుగానే ఎంచుకోవాలి. ఇంటిలోపలి తలుపులకు, బల్లలకు బోరిక్ ఆసిడ్, బోరాక్స్ మందు సరిపోతుంది. వానకు కడుక్కుపోతుంది కనుక బయటి కర్రకు అది పనికిరాదు.

ఆస్కు పట్టిన కర్రముక్కలను పొయ్యిలో పెట్టకూడదు. పాషాణం పొగలోనూ, బూడిదలోనూ ఉంటుంది. ఈ భయంతోనే అమెరికాలో 2003 చివరితో ఇళ్ల వాడకానికి ఈ రకం కలప తయారీ చాలావరకు ఆపేశారు. దూలానికి మేలు చేసే మందు వంటింట్లోకి వస్తే విషమేనని గృహిణులు గుర్తుంచుకోవాలి.