తిట్టుచు చూచెడివారు

పద్యనాటకములు తెల్లవార్లు సాగిన దినములలో ప్రేక్షకుని అభిప్రాయము తెలిసికొనుటకు ఎవ్వరును ఏ యంత్రమును వెదకవలసిన పని యుండెడిది కాదు. రాయబార ఘట్టములో కృష్ణపాత్రధారి రాగమును సాగదీసి పద్యమును ముగించెనో లేదో, నేలమీద చాపలు పరచుకొని కూర్చున్నవారు ‘వన్స్‌మోర్’ అని కేకలు వేసెడివారు. ఆ నటుడును తాను కౌరవసభలో నిలిచియున్న సంగతి ఒక్క నిమిషము మఱచి, హార్మోనియము వాయించువాని వైపు తల త్రిప్పి, ఆ పద్యమునే మరల నెత్తుకొనెడివాడు. గొంతు పలుకని నాడు ఈలలు, ఎగతాళి, ఒక్కొక్కప్పుడు అంతకంటె గట్టి సన్మానము. టెలివిజను వచ్చిన తరువాత ఆడువానికిని చూచువానికిని నడుమ ఈ దారి మూసికొనిపోయెను. ఆడువాడు ఎప్పుడో హైదరాబాదులోని ఒక సెట్టు మీద తన పాత్రను ముగించుకొని ఇంటికి పోవును. చూచువాడు కాకినాడలోనో కరీంనగరులోనో తన నడిమింట కూర్చుండును. మధ్యనున్న గాజుపలకకు చెవులు లేవు. ఐనను ప్రేక్షకుడు మాటలాడుట మానలేదు సరికదా, ఎదుట వినువాడు లేనందున మునుపటికంటె స్వేచ్ఛగా మాటలాడుచున్నాడు.

ఈ మాటలను వినవలెనను కోరిక మన దేశములో టెలివిజనుతో పాటే పుట్టినది. 1975 ఆగస్టు 1 నుండి 1976 జులై 31 వరకు, అమెరికావారి ఉపగ్రహమొకదానిని ఏడాదిపాటు ఎరువు తెచ్చుకొని, ఆంధ్రప్రదేశ్ సహా ఆరు రాష్ట్రములలోని 2,400 గ్రామములకు బొమ్మను చేర్చిన ‘సైట్’ ప్రయోగములో, ఊరిజనమంతయు సాయంకాలము ఒక్క పెట్టె ముందు గుమిగూడి వ్యవసాయమును, ఆరోగ్యమును, ఆటపాటలను చూచుచుండగా, ఆ జనము ఏమి గ్రహించుచున్నారో, దేనికి నవ్వుచున్నారో, ఏ ఘట్టమున లేచి పోవుచున్నారో కనిపెట్టుటకు పరిశోధకులు కొన్ని గ్రామములలో నెలల తరబడి కాపురముండిరి. ఒక ప్రసారమును గూర్చి పల్లెటూరివాని అభిప్రాయమును అంత శ్రద్ధగా ఆలకించిన కాలము మరల రాలేదని నా నమ్మకము. అటుపిమ్మట ఆ బరువును తపాలాశాఖ మోసినది. హైదరాబాదు దూరదర్శనులో ‘జాబులు జవాబులు’ కార్యక్రమము వచ్చు వేళకు తమ పేరు చదువుదురేమోయని పెట్టె ముందు కూర్చున్న కుటుంబములు ఎన్నో! పేరు చదివిన మరునాడు ఆ యింటివారు వీథిలో నడచు తీరే వేరు.

ఉత్తరముల ప్రస్తావన వచ్చినది గనుక ‘హమ్‌లోగ్’ను విడిచిపెట్టుటకు వీలులేదు. 1984 జులై 7న దూరదర్శనులో మొదలై నూటయేబదికి పైగా భాగములు సాగిన ఈ హిందీ ధారావాహిక, మెక్సికో దేశమువారు కుటుంబనియంత్రణ ప్రచారమునకై అల్లిన ధారావాహికలను చూచి మనవారు తలపెట్టినది. మనోహర్ శ్యామ్ జోషి వ్రాయగా, ప్రతి భాగము తుదను నటుడు అశోక్ కుమార్ వచ్చి నాలుగు మాటలు చెప్పి పోయెడివాడు. దీనికి వచ్చిన ఉత్తరములు నాలుగు లక్షలకు పైమాట. కథలో బడ్‌కీ పెండ్లి జరిగిన నాడు ఉత్తరాదిలో కొన్నిచోట్ల దుకాణములు పెందలకడనే కట్టివేసిరట! అంతకంటె విలువైన సంగతి ఒకటి ఎవరెట్ రోజర్స్, అరవింద్ సింఘల్ అను పరిశోధకులు ప్రేక్షకులను పలుకరించినపుడు బయటపడినది. భర్త తాగుడును, అత్త సాధింపును నోరెత్తక భరించు తల్లి భగవంతిని కల్పించినవారి ఉద్దేశము, ఇట్లు బ్రతుకరాదని చూపుట. చూచినవారిలో అనేకులు ఆమెయందు ఆదర్శ గృహిణిని దర్శించి చేతులు జోడించిరి. తీసినవాడొకటి తలచి తీయగా చూచినవాడు మరియొకటి చూచుట కావ్యములకు ఎప్పటినుండియో ఉన్న గతియే. కాని కవికి ఆ సంగతి తెలియుటకు ఒక తరము పట్టెడిది, ఇచట ప్రేక్షకులను అడిగినంతనే తెలిసినది.

ప్రేక్షకులు అభిప్రాయమును చెప్పి ఊరకుండక నెగ్గించుకొనుటయు కలదు. 1987 జనవరిలో ఆరంభమైన రామానంద్ సాగర్ ‘రామాయణ్’ 1988 జులై నెలాఖరున పట్టాభిషేకముతో ముగియవలసియుండగా, వాల్మీకిని తమ ఆదిగురువుగా కొలుచు పారిశుద్ధ్య కార్మికులు, ఆ మహర్షి ఆశ్రమ కథ లేని రామాయణము రామాయణమెట్లగునని ప్రశ్నించి, జలంధరులోను మఱికొన్ని ఉత్తరాది పట్టణములలోను చీపుళ్లు క్రింద పెట్టిరి. వీథులలో చెత్త పేరుకొనిన పిమ్మట ప్రభువులకు ఉత్తరకాండ గుర్తుకు వచ్చెను. కుశలవుల కథ వేరుగా తయారై అదే యేడాది ప్రసారమునకు వచ్చెను. దూరదర్శను కార్యక్రమమగు ‘సురభి’కి ఒక్క వారములో పదునాలుగు లక్షల ఉత్తరములు వచ్చినవని చెప్పుదురు, అవి చాలవరకు ప్రశ్నోత్తర పోటీకి సమాధానములు కనుక వాటిని అభిప్రాయములలో కలుపుట న్యాయము కాదు.

ఇప్పుడు ఉత్తరములు పోయి మీటరు వచ్చినది. టీఆర్‌పీ అని మన ఇండ్లలో చిన్నపిల్లలు సైతము పలుకు ఆ అక్షరముల వెనుక జరుగునది ఇంతే: ఛానలు ప్రసారము చేయు ధ్వనిలో మన చెవికి అందని ఒక గుర్తును దాచి పంపుదురు, ఎంపిక చేసిన ఇంటిలో టీవీ చెంతనున్న మీటరు ఆ గుర్తును పసిగట్టి ఏ ఛానలు ఎంతసేపు నడచినదో వ్రాసికొనును, ఇంటిలో ఒక్కొక్కరికి ఒక్కొక్క బటను ఉండును, చూచుటకు కూర్చున్నవారు తమ బటనును నొక్కవలెను. 2015 నుండి ఈ లెక్కలను వెలువరించుచున్న ‘బార్క్’ సంస్థవారి మీటర్లున్న ఇండ్లు దేశమంతటను 55 వేలకు పైగా. టీవీ ఉన్న ఇండ్లు ఇరువది కోట్లకు పైచిలుకు. అనగా దాదాపు నాలుగువేల ఇండ్ల తరఫున ఒక ఇల్లు తీర్పు చెప్పుచున్నదన్నమాట. శాస్త్రమున ఇది దోషము కాదు, అన్నము ఉడికినదో లేదో చూచుటకు రెండు మెతుకులు చాలును. కాని మెతుకులు పట్టిచూచెడి చేయి శుభ్రముగా ఉండవలెను. కొన్ని ఇండ్లవారికి డబ్బిచ్చి తమ ఛానలునే పెట్టియుంచునట్లు చేసిరను ఆరోపణ మీద 2020 అక్టోబరులో ముంబయి పోలీసులు కేసు పెట్టగా, వార్తా ఛానళ్ల రేటింగులు 2022 మార్చి వరకు నిలిచిపోయినవి.

నా ఆక్షేపణ అక్రమములను గూర్చి కాదు. అంతయు సక్రమముగా జరిగినప్పుడు సైతము మీటరు తెలుపునది చూచుటను మాత్రమే. మెచ్చుట దాని లెక్కకు రాదు. బటను నొక్కి సోఫాలో గుఱక పెట్టు పెద్దమనిషియు, పాత్ర ఏడ్చినపుడెల్ల కన్నులు ఒత్తుకొను ఇల్లాలును, ‘ఛీ, ఏం కథరా ఇది’ అని ప్రతి ప్రకటన విరామములోను ఈసడించుకొనుచు విరామము ముగియగానే నోరు మూసికొను యువకుడును దానికి సమానులే. ఈ మూడవవాడు సామాన్యుడు కాడు. తెలుగు ధారావాహికకు మూలస్తంభమతడే.

నమ్మకము లేనివారు ‘కార్తీక దీపము’ చరిత్రను తలచుకొందురు గాక. మలయాళ ‘కరుత్తముత్తు’కు తెలుగు రూపముగా 2017 అక్టోబరులో స్టార్ మాలో మొదలైన ఈ కథలో నాయిక దీప నల్లని పిల్ల, భర్త కార్తీక్ వైద్యుడు, తనకు సంతానయోగము లేదని చూపు దొంగ రిపోర్టులను నమ్మి, గర్భవతియైన భార్యను అనుమానించి దూరము చేయగా, ఆమె వంటలు చేసికొని బ్రతుకుచు ఇద్దరు కుమార్తెలలో ఒకరిని పెంచుకొనును. ప్రేమీ విశ్వనాథ్ అను నటి పేరు తెలియనివారికిని ‘వంటలక్క’ తెలియును. నిరుపమ్ పరిటాలను ‘డాక్టర్ బాబు’ అనియే పిలుచువారు ఈనాటికిని కలరు. ఈ కథ ఏండ్ల తరబడి రేటింగులలో శిఖరమున నిలిచిన కాలములోనే, దీనికి పడినన్ని తిట్లు మరి దేనికిని పడలేదు. పితృత్వమును గూర్చి సందేహమున్న వైద్యుడు ఒక్క రక్తపరీక్ష చేయించుకొనిన తీరిపోవు చిక్కును వందలాది భాగములు మోయుట యెందుకని తెలుగునాడంతయు నవ్వినది; ఫోనులలో పరిహాసములు పుంఖానుపుంఖములుగా తిరిగినవి. ఏడున్నర కాగానే నవ్వినవారందఱును టీవీ ముందు చేరిరి.

ఇట్లుండగా 2022లో కథను నడుపువారు ఒక సాహసము చేసిరి. కారు ప్రమాదములో దీపను, కార్తీక్‌ను కథనుండి తప్పించి, కొన్నేండ్లు ముందుకు దూకి, ఎదిగిన వారి కుమార్తెలతో క్రొత్త తరమును ఆరంభించిరి. తిట్టుచు చూచినవారు అప్పుడు తిట్టుట మానిరి, చూచుటయు మానిరి! రేటింగులు జారిపోగా, కొలది నెలలకే, ఆగస్టులో, చనిపోయినదనుకొన్న వంటలక్క కోమానుండి కన్నులు తెరచెను. డాక్టర్ బాబు జ్ఞాపకశక్తిని మాత్రమే కోల్పోయి బ్రతికియుండెను. పోయిన ప్రాణమును యముని వద్దనుండి సావిత్రి వాదించి తెచ్చుకొనినదని విన్నాము. ఇచట ప్రేక్షకులు నోరు విప్పకయే, రిమోటు మీది వ్రేలితో తెచ్చిరి. ఆ కథ 2023 జనవరిలో 1,569వ భాగముతో ముగిసి, 2024 మార్చిలో ఆ జంటతోనే ‘ఇది నవ వసంతం’ అని మరల మొదలైనది.

ఇంతకును ఇండ్లలో జరుగు ఆ సంభాషణ యెట్టిది? చదువుకొన్న పురుషులు దానిని ‘ఆడవాళ్ల సీరియల్ కబుర్లు’ అని తేల్చివేయుట పరిపాటి. (వారు క్రికెట్టు ఆటగానిని ఎందుకు ఆడించలేదని గంటలకొలది వాదించుట దేశసేవ కాబోలు.) ‘కార్తీక దీపము’ సాగుచున్న నాళ్లలో ఒకయింట, అత్తగారు ఒడిలో చేట పెట్టుకొని గోంగూర ఒలుచుచుండగా, కోడలు బడినుండి తెచ్చిన జవాబుపత్రములు దిద్దుచుండగా, నేను విన్న మాటలివి:

“వీడు డాక్టరేనంటావా? అంత అనుమానం ఉన్నవాడు ఆ పరీక్షేదో చేయించి చావొచ్చుగా!”

“చేయిస్తే రేపటినుంచి ఏడున్నరకి మనం ఏం చూస్తాం అత్తయ్యా?”

“నువ్వూరుకో. మీ మావయ్యగారూ ఇంతే. చెప్పుడు మాటలు వినడమే గానీ, అడగాల్సిన మనిషిని అడిగిందెప్పుడు?”

కోడలు దిద్దుచున్న ఎఱ్ఱసిరా కలమును ప్రక్కన పెట్టినది. తరువాత అరగంట సేపు వారు మాటలాడుకొనినది ముప్పది యేండ్ల క్రిందట ఎవరో బంధువు చెప్పిన ఒక అబద్ధమును గూర్చి; తెరమీద ఏమి జరుగుచున్నదో ఇద్దఱును చూడలేదు, మీటరు ఉన్నచో వ్రాసికొనియే యుండును. సొంత యింటి అన్యాయమును పేరు పెట్టి చెప్పుకొనుటకు వీలులేనివారికి ఎవరిదో కల్పిత కుటుంబము ఒక న్యాయసభగా ఏర్పడుట చిన్న సంగతి కాదు. ఆ కథలో కుట్రలు పన్ను మోనితను తిట్టు నెపమున తోటికోడలి సంగతి, దీప అత్తగారు సౌందర్యను మెచ్చు నెపమున తమకు దొరకని అత్తగారి సంగతి, తండ్రిని వెదకికొను పిల్ల నెపమున ఎవరింటనో చితికిన కాపురము సంగతి బయటికి వచ్చును. కథలో ఔచిత్యము లేదని విమర్శకులనునది నిజమే, నాకును ఆ ఫిర్యాదు కలదు. ఒకే ముఖమును మూడు వైపులనుండి మూడుమారులు చూపి ఉఱుము వినిపించునపుడు లేచిపోవలెనని నాకును తోచును. కాని ఆ మూడు ఉఱుముల వ్యవధిలోనే అత్తాకోడండ్రకు మాటలాడుకొనుటకు తీరిక చిక్కుచున్నదని గ్రహించిన తరువాత నా కోపము కొంత తగ్గినది.

నవ్వించు కథలను గూర్చిన అభిప్రాయములు వేరొక జాతివి. 2001 నుండి ఆరేండ్లపాటు జెమినీ టీవీలో ఆదివారము రాత్రులను ఏలిన గుణ్ణం గంగరాజు ‘అమృతం’లో కథానాయకుని పాత్రను ఒకరి తరువాత ఒకరుగా శివాజీరాజా, నరేశ్, హర్షవర్ధన్ ధరించిరి, ఎవరు అసలైన అమృతరావు అను తగవు ఈనాటికిని తెగలేదు. అచట ఎవ్వరును తిట్టుచు చూడలేదు. ఇంటి యజమాని అప్పాజీ మందలింపును, హోటలు సర్వరు సర్వం మాటతీరును కంఠస్థము చేసి పెండ్లివిందులలో ఒకరికొకరు ఒప్పగించుకొనుటయే వారి విమర్శ. గుండు హనుమంతరావు ధరించిన ఆంజనేయులు పాత్రను గూర్చి మాత్రము రెండు పక్షములు లేవు.

సముద్రములు దాటినవారికి ఈ ముచ్చట మరికొంత చిక్కుతో కూడినది. గుంటూరులో తల్లి రాత్రి చూచి పడుకొను వేళకు డాలస్‌లోని కుమార్తెకు ఇంకను ఆ పగలు పని తెమలదు. ఆమె తీరికగా ఫోనులో ఆ భాగమును చూచులోపల తల్లి పిలుపు రానే వచ్చును.

“కథ చెప్పకమ్మా, నేనింకా చూడలేదు.”

“చెప్పినా పర్వాలేదే. వాడు మొన్నటినుంచీ తలుపు దగ్గరే నుంచున్నాడు.”