పేరు బరువుకు కుంగిన ఆట

మనసుకు నచ్చిన పాత సినిమాను ఎవరో మళ్లీ తీస్తున్నారంటే ఏమనిపిస్తుంది? ముందు సంతోషం... వెంటనే భయం! ‘మాయాబజార్’ను పాటలూ పద్యాలూ తీసేసి, ఘటోత్కచుడి యుద్ధాలతో నింపేస్తామని ఎవరైనా ప్రకటించారనుకోండి. బొమ్మ తెర మీద పడకముందే సగంమంది తిట్టిపోస్తారు. తీరా అది బాగున్నా సరే, ఒప్పుకోవడానికి మనసు రాదు. వీడియో గేమ్‌ల లోకంలో అచ్చం అలాంటి కథే ఒకటి నడిచింది. 2012లో వచ్చిన ఆ ఆట పేరు ‘సిండికేట్’. కొందరు బాగుందన్నారు, కొందరు పెదవి విరిచారు. ఎక్కువమంది అసలు పట్టించుకోలేదు. ఏళ్లు గడిచాక ఆడినవాళ్లు మాత్రం ‘అరె, మరీ అంత తీసిపారేయాల్సింది కాదే’ అంటున్నారు. ఇంతకీ ఏం జరిగింది?

ఆకాశంలో యజమాని

ఈ కథ 1993లో మొదలవుతుంది. ఇంగ్లండ్‌లోని గిల్డ్‌ఫర్డ్ పట్టణంలో బుల్‌ఫ్రాగ్ ప్రొడక్షన్స్ అనే కంపెనీ ఉండేది. పీటర్ మాలిన్యూ దాని వ్యవస్థాపకుల్లో ఒకరు. అప్పటికే ‘పాపులస్’ ఆటతో పేరు తెచ్చుకున్న ఆ బృందం ‘సిండికేట్’ను తయారుచేసింది.

ఆ ఆటలో దేశాలుండవు, ప్రభుత్వాలుండవు. లోకాన్ని పంచుకునేది పెద్ద పెద్ద కంపెనీలే. ఆడేవాడు అలాంటి ఓ కంపెనీకి పెద్ద. నగరం మీద తేలే గాలి ఓడలో కూర్చుని కింద వీధుల్లో తిరిగే నలుగురు ఏజెంట్లను నడిపిస్తుంటాడు. పొడవాటి కోట్లు వేసుకున్న ఆ నలుగురూ సగం మనుషులు, సగం యంత్రాలు. ‘పర్స్వేడర్‌ట్రాన్’ అనే పరికరం చేతిలో ఉంటే చాలు, దారిన పోయే జనం తమ పనులు మరచి ఏజెంట్ల వెంట గొర్రెల మందలా నడుస్తారు. గెలుచుకున్న ప్రాంతాల మీద పన్ను ఎంత వేయాలో కూడా ఆటగాడే తేల్చాలి. మరీ పిండితే జనం తిరగబడతారు!

టెక్నాలజీ ఆకాశంలో, మనిషి బతుకు పాతాళంలో ఉండే ఇలాంటి కథల్ని ‘సైబర్‌పంక్’ అంటారు. ఆ తరం కుర్రాళ్లకు ‘సిండికేట్’ పిచ్చి పట్టుకుంది. 1996లో ‘సిండికేట్ వార్స్’ పేరుతో రెండో ఆట వచ్చింది. ఈలోగా 1995లోనే బుల్‌ఫ్రాగ్‌ను అమెరికాకు చెందిన ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ కొనేసింది. క్రీడాకారులు అందరికీ తెలిసిన ‘ఫిఫా’ ఆటలను ఒకప్పుడు తెచ్చిన కంపెనీ అదే. 2001కల్లా బుల్‌ఫ్రాగ్ అన్న పేరే లేకుండా పోయింది. ‘సిండికేట్’ పేరు మాత్రం కొత్త యజమాని బీరువాలో భద్రంగా ఉండిపోయింది. అభిమానులు మూడో ఆట కోసం ఎదురుచూస్తూనే ఉన్నారు... ఒకటీ రెండూ కాదు, పదిహేనేళ్లు!

కిందకు దిగిన కథ

చివరికి బీరువా తెరుచుకుంది. పేరు దక్కింది స్వీడన్‌లోని స్టార్‌బ్రీజ్ స్టూడియోకు. ‘క్రానికల్స్ ఆఫ్ రిడిక్’, ‘ద డార్క్‌నెస్’ లాంటి ఆటలతో మెప్పు పొందిన స్టూడియో అది. రచన బాధ్యత బ్రిటిష్ రచయిత రిచర్డ్ మోర్గాన్‌కు అప్పగించారు. ‘ఆల్టర్డ్ కార్బన్’ నవలతో సైబర్‌పంక్ పాఠకులకు బాగా తెలిసిన పేరు ఆయనది. పాత్రలకు బ్రయన్ కాక్స్, రోసారియో డాసన్ లాంటి హాలీవుడ్ నటులు గొంతు అరువిచ్చారు. ఇంకేం కావాలి?

2011 సెప్టెంబరులో ప్రకటన వచ్చింది. అభిమానుల గుండె గుభేలుమంది. కారణం ఒక్కటే... కొత్త ‘సిండికేట్’ ఫస్ట్ పర్సన్ షూటర్. అంటే పాత్ర కళ్లతోనే మనమూ చూస్తూ, ఎదురుగా కనిపించేవాళ్లను కాల్చుకుంటూ పోయే ఆట. పైనుంచి చూస్తూ ఎత్తులు వేసే ఆట కాస్తా నేలమీద తుపాకీ ఆటగా మారిపోయింది. గాలి ఓడ లేదు, పన్నులు లేవు, వెంట నడిచే మంద లేదు.

కథ 2069లో జరుగుతుంది. కథానాయకుడు మైల్స్ కిలో యూరోకార్ప్ అనే కంపెనీ ఏజెంటు. అతడి తలలో ‘డార్ట్ 6’ అనే కొత్తరకం చిప్పు ఉంటుంది. దాన్ని మేల్కొలిపితే కాలం నెమ్మదిస్తుంది, గోడల చాటున దాగినవాళ్లూ కనిపిస్తారు. అంతకన్నా విచిత్రం ఏమిటంటే, ఎదుటివాళ్ల తలల్లోని చిప్పుల్లోకీ చొరబడొచ్చు. అవతలివాడి తుపాకీని వాడికే ఎదురు తిప్పొచ్చు. శత్రువు మనసు మార్చి కాసేపు తన పక్షాన పోరాడేలా చేసుకోవచ్చు. పాత ఆటలోని పర్స్వేడర్‌ట్రాన్‌కు ఇది మనవడన్నమాట!

చిప్పు ఉన్నవాళ్లకు అన్నీ దొరికే లోకం అది. లేనివాళ్లు మురికివాడల్లో బతుకీడుస్తుంటారు. చచ్చినవాడి తలలోంచి చిప్పు లాక్కుని తన బలం పెంచుకునే కిలో, పోనుపోనూ తన యజమానుల గురించీ తన గతం గురించీ తెలుసుకునే నిజాలే మిగతా కథ.

ఇక్కడో సంగతి చాలామంది గమనించలేదు. పాత ఆటలో కింద తిరిగే జనం చీమలంత కనిపించేవాళ్లు. నలుగురు పోయినా పైనున్న యజమానికి చీమ కుట్టినట్టు కూడా ఉండదు. కొత్త ఆటలో ఆటగాడు యజమాని కాదు, ఆ యజమాని చేతిలోని పనిముట్టు. ఎదుటి మనిషి మొహం కళ్ల ముందే ఉంటుంది. అదే లోకాన్ని మేడ మీంచి కాక, వీధిలో నిలబడి చూపించాలన్న ఆలోచన అది. తప్పుడు ఆలోచనేమీ కాదు. కానీ అభిమానులు అడిగింది అది కాదు కదా!

మార్కులు డెబ్బై

2012 ఫిబ్రవరి చివరి వారాల్లో కంప్యూటర్, ప్లేస్టేషన్ 3, ఎక్స్‌బాక్స్ 360లకు ఆట విడుదలైంది. సమీక్షకులు నిట్టనిలువునా చీలిపోయారు. సగటు మార్కులు నూటికి డెబ్బై అటూ ఇటూగా తేలాయి. పరీక్షల్లో అయితే ఫస్ట్ క్లాసే. కానీ ఆటల మార్కెట్‌లో డెబ్బై అంటే ‘తర్వాత చూద్దాంలే’ అని అర్థం.

తుపాకీ పోరాటాల్లో పట్టు ఉందనీ, చిప్పులతో ఆడే మాయలు కొత్తగా ఉన్నాయనీ మెచ్చుకున్నారు. నలుగురు స్నేహితులు కలిసి ఆడే తొమ్మిది మిషన్ల భాగానికైతే మంచి మార్కులే పడ్డాయి. ఒకరు పడిపోతే మరొకరు లేపాలి, గాయపడినవాడికి దూరం నుంచే చికిత్స చేయాలి. పాత ఆటలోని నలుగురు ఏజెంట్ల ఛాయలు ఇక్కడే దొరికాయి.

మరి తప్పులు? ఉన్నాయి. ఒంటరిగా ఆడే కథ చిన్నది, మలుపులు ముందే తెలిసిపోతాయి. అంత గొప్ప రచయిత ఉండీ పాత్రలు గుండెకు హత్తుకోలేదన్నారు. తెరమీద దీపాల మిరుమిట్లు ఎక్కువై కళ్లు చెదురుతున్నాయని విసుక్కున్నారు. ఆ ఫిర్యాదులన్నీ న్యాయమైనవే. అయితే వాటి పక్కనే మరో ఫిర్యాదు ప్రతిచోటా వినిపించింది... ‘ఇది సిండికేట్ కాదు!’

ఆ మాటకు జవాబు లేదు. ఆట లోపాన్ని దిద్దొచ్చు. పేరుకు తగ్గట్టు లేదన్న నింద ఎలా దిద్దడం? ఏం చేసినా తిట్లు తప్పవని ఒప్పందం మీద సంతకం పెట్టిన రోజే తమకు తెలుసని స్టార్‌బ్రీజ్ అధిపతి తర్వాత ఓ ఇంటర్వ్యూలో చెప్పుకొచ్చారు. ఓడిపోతామని తెలిసీ బరిలో దిగడమంటే అదే.

కాలమూ కలిసిరాలేదు. అంతకు ఆరు నెలల ముందే, 2011 ఆగస్టులో ‘డ్యూస్ ఎక్స్: హ్యూమన్ రివల్యూషన్’ వచ్చింది. అదీ సైబర్‌పంకే, అదీ ఓ పాత పేరును మళ్లీ నిలబెట్టే ప్రయత్నమే. కానీ అది పాత ఆట పద్ధతిని పట్టుకునే నడిచింది, మెప్పు కొట్టేసింది. పక్కింటి పిల్లాడు ఫస్టు వచ్చాక మన పిల్లాడి మార్కులు చూసినట్టయింది ‘సిండికేట్’ పరిస్థితి. పోనీ విడుదలయ్యాకైనా ఊపిరి పీల్చుకుందామంటే, రెండు వారాలకే అదే ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ నుంచి ‘మాస్ ఎఫెక్ట్ 3’ అనే భారీ ఆట వచ్చిపడింది.

ఓ ఖండమే తలుపేసింది

విడుదలకు ముందే మరో దెబ్బ తగిలింది. 2011 డిసెంబరులో ఆస్ట్రేలియా వర్గీకరణ బోర్డు ఈ ఆటకు అనుమతి నిరాకరించింది. హింస మరీ ఎక్కువన్నది కారణం. ‘సిండికేట్’ పిల్లల ఆట కాదు, పెద్దల కోసం తీసిందే. కానీ ఆ రోజుల్లో ఆస్ట్రేలియాలో సినిమాలకు పెద్దల సర్టిఫికెట్ ఉండేది కానీ వీడియో గేమ్‌లకు ఉండేది కాదు. పదిహేనేళ్ల వాళ్లకు తగదంటే ఇక ఎవరికీ అమ్మకూడదు! కత్తిరించి మళ్లీ పంపడానికి ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ ఒప్పుకోలేదు. దాంతో ఆ దేశంలో ఆట అమ్మకానికే రాలేదు. 2013 జనవరిలో అక్కడ గేమ్‌లకూ పద్దెనిమిదేళ్లు దాటినవారి వర్గం వచ్చింది. అప్పటికే పుణ్యకాలం గడిచిపోయింది.

చివరికి అమ్ముడైనవి సుమారు లక్షా యాభై వేల కాపీలు. హాలీవుడ్ గొంతులతో, మూడు రకాల యంత్రాల మీద విడుదలైన ఆటకు అది చాలా చిన్న అంకె. సాహసం చేశాం, ఫలించలేదని ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ ఉన్నతాధికారి 2012లోనే ఒప్పేసుకున్నారు. రెండో భాగం ఊసే లేదు.

ఓటమి తర్వాత

కథ అక్కడితో ముగియలేదు. పెద్ద పేర్ల బరువు తెలిసొచ్చిన స్టార్‌బ్రీజ్, మరుసటి ఏడాదే ఓ చిన్న ఆట విడుదల చేసింది. పేరు ‘బ్రదర్స్: ఎ టేల్ ఆఫ్ టూ సన్స్’. జబ్బుపడిన తండ్రికి మందు తేవడానికి బయల్దేరిన ఇద్దరు అన్నదమ్ముల కథ. సినిమా దర్శకుడు జోసెఫ్ ఫారెస్ దానికి సారథి. పాత పేరు లేదు, పోల్చడానికి ఏమీ లేదు. ఆడినవాళ్లు కంటతడి పెట్టుకున్నారు. తర్వాత సొంత స్టూడియో పెట్టుకున్న ఫారెస్ తీసిన ‘ఇట్ టేక్స్ టూ’కు 2021లో ద గేమ్ అవార్డ్స్‌లో ఆ ఏటి ఉత్తమ ఆట పురస్కారం దక్కింది.

మరి పాత ‘సిండికేట్’ అభిమానులు? వాళ్లూ ఊరుకోలేదు. ‘సిండికేట్ వార్స్’ తయారీలో కీలకంగా పనిచేసిన మైక్ డిస్కెట్, మరికొందరితో కలిసి 2013లో కిక్‌స్టార్టర్ ద్వారా జనం ముందు చేయి చాచారు. పైనుంచి చూసే ఆట, నలుగురు ఏజెంట్లు, కంపెనీలు ఏలే నగరం... అన్నీ మళ్లీ చేస్తాం, మూడున్నర లక్షల పౌండ్లు కావాలన్నారు. అడిగినదానికన్నా ఎక్కువే వచ్చింది! 2015లో ఆట విడుదలైంది. దాని పేరు ‘శాటిలైట్ రెయిన్’. ‘సిండికేట్’ అని పెట్టుకునే హక్కు వాళ్లకు లేదు మరి. ఇంకో విచిత్రం... ఆ స్టూడియో ఉన్నది బ్రిస్బేన్‌లో. 2012 నాటి ‘సిండికేట్’కు తలుపు మూసిన ఆస్ట్రేలియాలోనే!

పేరు ఒకరిది, ప్రాణం ఇంకొకరిది

2021లో 1993 నాటి ‘సిండికేట్’ను జీవోజీ అనే ఆన్‌లైన్ దుకాణం నుంచి తీసేస్తున్నట్టు ప్రకటన వచ్చింది. అభిమానులు గొడవ చేశారు. కొన్నాళ్లకే ఆట తిరిగొచ్చింది. కొద్దివారాల పాటు ఉచితంగా కూడా ఇచ్చారు. దాదాపు ముప్ఫై ఏళ్లనాటి ఆట కోసం అంత గొడవ ఎందుకంటే, అది వాళ్ల చిన్ననాటి ముచ్చట కాబట్టి.

2012 నాటి ఆటను ఇప్పుడు ఆడేవాళ్లకు ఆ ముచ్చట అడ్డు రాదు. పాతది ఎలా ఉండేదో చాలామందికి తెలియదు. అందుకే వాళ్ల కళ్లకు అది ఉన్నది ఉన్నట్టు కనిపిస్తుంది... కథ పలచన, పోరాటం పదును, వెలుగు కాస్త ఎక్కువ. గొప్ప ఆట కాదు కానీ మంచి ఆట. వేరే పేరుతో వచ్చి ఉంటే ఆ మాట మొదటి రోజే అనిపించుకునేదేమో!

కంపెనీలు మనుషుల తలల్లో చిప్పులు పెట్టి వాళ్ల ఇష్టాయిష్టాల్ని కూడా సొంతం చేసుకుంటాయన్నది ‘సిండికేట్’ కథ. నిజ జీవితంలో మాత్రం ఓ కంపెనీ డబ్బిచ్చి ఆట పేరును కొనగలిగింది. ఆ పేరు వినగానే ఆడినవాళ్ల మనసులో మెదిలేదాన్ని కొనలేకపోయింది. పాపం, మధ్యలో నలిగిపోయింది మైల్స్ కిలో!