పంపు మానితే బిడ్డకి మంచిదనుకున్నా!

నెల తప్పిందని తెలిసిన రోజున ఇంట్లో అందరూ మిఠాయిలు పంచుకుంటుంటే, నేను మాత్రం హ్యాండ్‌బ్యాగ్‌లోంచి ఇన్‌హేలర్ తీసి బీరువాలో చీరల అడుగున దాచేశాను. "కడుపుతో ఉండి ఆ గ్యాస్ పీలిస్తే బిడ్డకి తగులుతుంది, తొమ్మిది నెలలు ఓర్చుకోలేవా?" అంది మా తోటికోడలు. తను నా మేలు కోరే చెప్పింది. నాకూ అదే నిజమనిపించింది. డాక్టర్ని ఒక్క మాట అడగాలన్న ఆలోచన నాకెందుకు రాలేదో ఇప్పటికీ అర్థం కాదు.

ఉబ్బసం నాకు కొత్తేం కాదు. ఏడో ఏట నుంచీ ఉంది. మృగశిర కార్తెకి నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో చేప మందు కోసం మా నాన్న నన్ను భుజానేసుకుని నిలబడిన రోజులు గుర్తున్నాయి. ఎవరి నమ్మకం వాళ్లది. కానీ పెళ్లయ్యేనాటికి నా ఆయాసాన్ని అదుపులో పెట్టింది మాత్రం రోజూ రెండు పూటలా పీల్చే పంపే. అదే మానేశాను.

మొదటి మూడు నెలలూ వేవిళ్ల గొడవలో ఏమీ తెలియలేదు. ఐదో నెల వచ్చేసరికి తెల్లవారుజామున మూడింటికి దగ్గుతో లేచి కూర్చునేదాన్ని. "వట్టి మనిషివి కాదు కదమ్మా, ఆయాసం మామూలే" అన్నారు అత్తయ్యగారు. అందులో కొంత నిజం లేకపోలేదు. గర్భంతో ఉన్నప్పుడు హార్మోన్ల వల్ల ఎవరికైనా ఊపిరి కాస్త బరువుగా తీసుకున్నట్టుంటుంది. కానీ ఆ మామూలు ఆయాసంలో పిల్లికూతలుండవు, దగ్గు ఉండదు, ఛాతీ బిగబట్టదు. నాకు ఆ మూడూ ఉన్నాయి. నోరు మూసుకుని ఊరుకున్నాను.

2016 దీపావళి రాత్రి. ఏడో నెల. వీధంతా మతాబుల పొగ. తలుపులన్నీ వేసుకున్నా లాభం లేకపోయింది. పదింటికల్లా రెండు మాటలు కలిపి పలకలేకపోయాను. మావారు ఆటోలో ఆస్పత్రికి తీసుకెళ్లేసరికి వేలికి క్లిప్పు పెట్టి చూసి, ఆక్సిజన్ 90 ఉందన్నారు. గర్భిణికి 95కి తగ్గకూడదట. మాస్క్ పెట్టారు, నెబులైజర్ పెట్టారు, స్టీరాయిడ్ ఇంజెక్షన్ ఇచ్చారు. నాకు మాత్రం ఒకటే ధ్యాస. సాయంత్రం నుంచీ కడుపులో బిడ్డ కదిలిందా లేదా? ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. నర్సు పొట్ట మీద యంత్రం పెట్టి గుండె చప్పుడు వినిపించేదాకా ఆ పావుగంట ఎలా గడిచిందో నాకే తెలుసు.

పొద్దున్నే డాక్టరమ్మ వచ్చి మంచం మీద కూర్చున్నారు. "పంపు ఎప్పుడు మానేశావమ్మా?" అన్నారు. ఆవిడకి ఎవరూ చెప్పలేదు, నన్ను చూసే పోల్చుకున్నారు. చెప్పాను. ఆవిడ కోప్పడలేదు. "బిడ్డకి వేరే ముక్కు లేదు. నీ రక్తంలో ప్రాణవాయువు తగ్గితే దానికీ తగ్గుతుంది. మందు వల్ల వచ్చే ముప్పు కన్నా, మందు మానేసి తెచ్చుకునే ముప్పే ఎక్కువ" అన్నారు. ఆయాసం అదుపు తప్పితే నెలలు నిండకుండా కాన్పు కావడం, బిడ్డ బరువు తగ్గడం, తల్లికి బీపీ పెరగడం, ఇవన్నీ జరగొచ్చట.

గర్భం వస్తే ఉబ్బసం ఏమవుతుందన్నదానికీ ఒక లెక్క చెప్పారు. సుమారు మూడో వంతు మందికి పెరుగుతుంది, మూడో వంతు మందికి తగ్గుతుంది, మిగతావాళ్లకి ఎప్పటిలాగే ఉంటుంది. ఎవరు ఏ వాటాలో పడతారో ముందే చెప్పలేం. అందుకే తగ్గింది కదా అని మధ్యలో మందు మానకూడదు.

రోజూ వాడే పంపులో నాది బుడెసొనైడ్. గర్భిణుల మీద ఎక్కువ అనుభవం ఉన్న మందు అదే. అప్పటికప్పుడు ఉపశమనానికి వాడే సాల్బుటమాల్ పంపు కూడా వాడుకోవచ్చు. స్టీరాయిడ్ అనగానే నేను గుండె పట్టుకుంటే ఆవిడ నవ్వి, పంపులో ఉండేది మిల్లీగ్రాముల్లో కాదు, మైక్రోగ్రాముల్లో అన్నారు. సాల్బుటమాల్ లెక్కే చూడండి. 4 మిల్లీగ్రాముల మాత్ర ఒకటి మింగితే, పంపు ఒక్కసారి నొక్కితే వచ్చే మందుకి 40 రెట్లు ఒంట్లోకి పోతుంది. మనమేమో మాత్రకి భయపడం, పంపుకి భయపడతాం! ఆయాసం మరీ ముదిరితే ప్రెడ్నిసొలోన్ మాత్రలు కూడా ఇస్తారు. దాన్ని మాయే చాలావరకు విరిచేస్తుంది, బిడ్డకి చేరేది సుమారు పదో వంతు. ఇంకోమాట. ఆయాసం వచ్చినప్పుడల్లా సాల్బుటమాల్ ఒక్కటే పీల్చి సరిపెట్టుకునే అలవాటు మంచిది కాదని 2019 నుంచీ ఆస్తమా నిపుణుల సలహా. లోపలి వాపు తగ్గించే మందు కూడా ఉండాలి.

తర్వాత "ఏదీ, పంపు వాడి చూపించు" అన్నారు. చూపించాను. పదేళ్లుగా తప్పే చేస్తున్నానని ఆ రోజు తెలిసింది. ముందు బాగా కుదపాలి. ఊపిరంతా వదిలేయాలి. నెమ్మదిగా లోపలికి పీలుస్తూ అప్పుడు నొక్కాలి. పది అంకెలు లెక్కపెట్టేదాకా బిగబట్టాలి. నేను నొక్కి, తర్వాత పీల్చేదాన్ని. మందంతా నాలుక మీదే! అలా కుదరనివాళ్లకి ప్లాస్టిక్ గొట్టంలాంటి స్పేసర్ ఉంటుంది, అది తగిలించుకుంటే తేలిక. స్టీరాయిడ్ పంపు వాడాక నోరు పుక్కిలించి ఉమ్మేయాలి, లేకపోతే నోట్లో తెల్లపూత వస్తుంది.

ఇంటికొచ్చాక మావారు దోమల చుట్టలు అవతల పారేసి దోమతెర కట్టారు. ఎండుమిర్చి పోపు పెట్టేటప్పుడు అత్తయ్యగారే నన్ను పెరట్లోకి పంపించేవారు. రాత్రి భోజనం పెందలాడే చేసి, తలవైపు ఎత్తు పెట్టుకుని పడుకునేదాన్ని. గుండెల్లో మంట, పులితేన్పులు ఉంటే ఆయాసం కూడా రేగుతుంది. ఫ్లూ టీకా వేయించుకున్నాను. ఎవరో ఉబ్బసానికి పొట్లం మందు తెచ్చిచ్చారు, తీసుకోలేదు. పేరూ ఊరూ లేని అలాంటి పొడుల్లో కొన్నిట్లో స్టీరాయిడ్లు కలిపిన దాఖలాలున్నాయి.

ఒక్క సంగతి మాత్రం మీరు చీటీ మీద రాసి పెట్టుకోండి. కాన్పుకి వెళ్లినచోట "నాకు ఆస్తమా ఉంది" అని ప్రతి డాక్టరుకీ, మత్తు డాక్టరుకీ చెప్పాలి. కాన్పయ్యాక రక్తస్రావం ఆగడానికిచ్చే కార్బోప్రోస్ట్ ఇంజెక్షన్ ఆస్తమా ఉన్నవాళ్లకి ఊపిరి గొట్టాలు బిగుసుకుపోయేలా చేస్తుంది. దానికి బదులు వేరే మందులున్నాయి. బీపీకి ఇచ్చే లాబెటలాల్ కూడా పడకపోవచ్చు. గర్భిణుల్లో కొందరికి ఆస్పిరిన్ రాస్తుంటారు. మీకు నొప్పి మాత్రలతో ఎప్పుడైనా ఆయాసం వచ్చి ఉంటే ముందే చెప్పాలి. పంపు పీల్చినా నాలుగు గంటలు ఆగకుండా ఆయాసం తిరగబెట్టినా, వాక్యం పూర్తి చేయలేకపోతున్నా, పెదాలు నీలంగా మారినా, బిడ్డ కదలిక తగ్గినా తెల్లారేదాకా ఆగొద్దు, పంపు పీలుస్తూనే ఆస్పత్రికి బయల్దేరాలి.

2017 సంక్రాంతి వెళ్లిన వారానికి పాప పుట్టింది. మామూలు కాన్పే. నొప్పుల్లో ఆయాసం వస్తుందేమోనని హడలిపోయాను కానీ రాలేదు, అప్పుడు రావడం అరుదేనట. ఆ రోజు కూడా రెండు పూటలా పంపు పీల్చాను. పాలిస్తున్నన్నాళ్లూ మానలేదు, పంపు మందు వల్ల పాలకి ఇబ్బంది లేదు.

అసలు గొడవ పదకొండో రోజు నీళ్లు పోశాక వచ్చింది. మా అమ్మమ్మ నిప్పుల కుంపటి తెచ్చి సాంబ్రాణి వేయబోయింది. "పొగ పట్టకపోతే బాలింత జుట్టు ఆరదు, పసిదానికి జలుబు చేస్తుంది" అని ఆవిడ పట్టు. అమ్మ ఎంత చెప్పినా వినలేదు. ఆఖరికి నేనే దీపావళి రాత్రి సంగతి మొదటినుంచీ చెప్పాను. అదంతా ఆవిడకి తెలియదు, వృద్ధురాలు కంగారు పడుతుందని ఎవరూ చెప్పలేదు. ఏమీ అనకుండా కుంపటి పెరట్లోకి పట్టుకెళ్లి నీళ్లు చల్లింది. తిరిగొచ్చి ఎండలో పీట వేసి, నన్ను కూర్చోబెట్టి, పాత నూలుచీరతో తల తుడవడం మొదలుపెట్టింది.