పని బూటు – దాని అరుగుదల

బూట్లను గురించి కళాశాల వార్షిక సంచికలో వ్యాసమేమిటని పాఠకులకు సందేహం కలుగవచ్చు. ఒక వానాకాలం మా అజ్ఞానం వలన మంచి జోడు ఒకటి పాడైన తరువాతనే మాకు ఈ విషయంపై శ్రద్ధ కలిగినది. ఆ జోడు అమెరికాలో ఉద్యోగం చేసి వచ్చిన మా పెద్దన్నగారిది. ఆయన పన్నెండేళ్లు తొడిగి, రెండుసార్లు అడుగులు మార్పించి మాకిచ్చారు. మేము ఒక్క రాత్రిలో దానిని చెడగొట్టాము. అది ఎట్లు జరిగినదో గ్రహించడానికి ముందు ఆ బూటు నిర్మాణం తెలియాలి.

అది రెడ్ వింగ్ బూటు. అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో, మిసిసిపీ నది ఒడ్డున రెడ్ వింగ్ అనే పట్టణమున్నది. చార్లెస్ బెక్‌మన్ అనే పాదరక్షల వర్తకుడు 1905లో కొందరు భాగస్వాములతో కలిసి అక్కడ ఈ సంస్థను స్థాపించాడు. గనులలో, పొలాలలో, కర్మాగారాలలో శ్రమించేవారికి బూట్లు సమకూర్చడం దాని వృత్తి. ఆ ఊరిలోనే 1872లో వెలసిన ఎస్.బి. ఫుట్ అనే తోళ్ల కర్మాగారం కూడ ఉన్నది. ఎనిమిది అంగుళాల ఎత్తు, ఎర్రని తోలు, తెల్లని చదునైన అడుగు గల 877 అనే రకం 1952లో వచ్చి ఇప్పటికీ అమ్ముడగుచున్నది. అన్నగారిది ఆ రకమే.

ఇట్టి బూటుకు ప్రాణస్థానం ‘వెల్టు’ అనే సన్నని పట్టీ. పాదం క్రింద ఉండే లోపలి అట్ట అంచుకు పైతోలును, ఈ పట్టీని చేర్చి ఒక కుట్టు వేస్తారు. అడుగును మాత్రం పట్టీకే, వేరొక కుట్టుతో కలుపుతారు. నడుమ మిగిలిన గుంటలో కార్కు నింపుతారు. రెండవ కుట్టు పైతోలును తాకదు. కనుక అరిగిన అడుగును విప్పి క్రొత్తది వేసినా బూటుకు గాయం కాదు. జిగురుతో మాత్రమే అతికించిన నేటి బూట్లలో చాలవాటికి ఈ సౌకర్యం లేదు. ఈ కుట్టును యంత్రాలతో వేసే పద్ధతి 19వ శతాబ్ది ఉత్తరార్ధంలో వ్యాప్తిలోకి వచ్చినది. దానికి గుడియర్ పేరు ఉండుట చూచి టైర్ల కంపెనీ పని అని కొందరు భ్రమపడతారు. ఆ పేరు రబ్బరును గంధకంతో గట్టిపరచే విధానానికి 1844లో పేటెంటు పొందిన చార్లెస్ గుడియర్ కుమారునిది.

క్రొత్త బూటు మొదటి కొద్ది వారాలు పాదాన్ని శిక్షిస్తుంది. పిమ్మట లోపలి అట్ట, కార్కు పాదం ఆకారానికి దిగి అచ్చువలె నిలుస్తవి. ఆ అచ్చు తొడిగినవానికి సుఖం, ఇతరునికి బాధ. అన్నగారి బూట్లు మమ్ము నెలరోజులు కుంటించినవి. వ్రేళ్లు వంగేచోట పైతోలు ముడుతలు పడుతుంది. ముడుత దోషం కాదు; అందులో చేరే ఇసుక దోషం, అది నడిచినప్పుడెల్ల పోగులను కోస్తుంది. ఇక చాలమందికి ముందుగా అరిగేది మడమ వెనుక, వెలుపలి అంచు. అడుగు అరిగి, అరుగుదల వెల్టును చేరకముందే మరమ్మతు చేయించాలి. ఇంకొక నెల చూద్దామనే పొదుపు వెల్టును తినివేస్తుంది. అప్పుడు ఖర్చు ఎన్నో రెట్లు పెరుగుతుంది.

తోలు అనగా కొల్లాజెన్ అనే మాంసకృత్తు పోగుల అల్లిక. ఆ పోగులను కుళ్లకుండ బంధించడమే తోలుశుద్ధి. మన దక్షిణాదిన తరతరాలుగా తంగేడు పట్టతో తోలు ఊనేవారు. క్రోమియం లవణాలతో శుద్ధిచేసే విధానానికి 1884లో అమెరికాలో పేటెంటు లభించినది. క్రోము తోలు మరిగే నీటికి కూడ చాలవరకు తట్టుకొంటుంది. చెట్టు పట్టలతో ఊనిన తోలు నీటిలో సుమారు 70 నుండి 85 డిగ్రీల సెంటిగ్రేడు వద్దనే ముడుచుకొంటుంది. ఈ శాస్త్రాన్ని మన దేశంలో పెంచినది 1948లో మద్రాసులో నెలకొల్పిన కేంద్ర తోలు పరిశోధనా సంస్థ. దానికి చిరకాలం సంచాలకులుగా ఉన్న యలవర్తి నాయుడమ్మగారు గుంటూరు జిల్లావారు.

మా బూట్లలో పైతోలు క్రోముది, లోపలి అట్ట పట్టలతో ఊనినది. వానలో నానిన బూట్లను మేము తెల్లవారేసరికి ఆరాలని పొయ్యి ప్రక్కన పెట్టాము. ఉదయానికి పైతోలు చెక్కుచెదరలేదు. అట్ట మాత్రం అప్పడంవలె వంకరలుపోయి నడుమ పగిలినది. మా వీధి చివరి మోచీ దానిని చూచి, “తోలంటే చర్మమే గద సార్, పొయ్యికాడ పెడ్తరా?” అన్నాడు. తడిసిన బూటులో పాత పత్రికలు కుక్కి, నీడలో, గాలి తగిలేచోట రెండు మూడు రోజులు వదలాలట. తడవకపోయినను ఒకరోజు తొడిగితే మరునాడు విశ్రాంతి ఇవ్వాలి. చెమట ఆరాలి కదా. బురదను కుంచెతో దులపాలి. తోలు పొడిబారినట్లు తోచినప్పుడే కొద్దిగ నూనె పట్టించాలి. అతిగా పట్టిస్తే తోలు మెత్తబడి ఆకారం కోల్పోతుంది.

తొడగకుండ దాచితే చాలునని కూడ అనుకోరాదు. పాలీయురేతేన్‌తో చేసిన అడుగులు గాలిలోని తేమకే లోలోపల విచ్ఛిన్నమై, ఏళ్ల తరువాత పెట్టె తెరచి నాలుగడుగులు వేయగానే పొడిపొడిగా రాలిపోతవి. మన కోస్తా జిల్లాలవంటి తేమ ప్రాంతాలలో ఈ బెడద మరీ అధికం.

మోచీ మా జోడును పూర్తిగా విప్పినాడు. రంపెతో క్రొత్త అట్ట కోసి, ఆరెతో ఒక్కొక్క రంధ్రం పొడిచి, మైనం పట్టించిన దారంతో కుట్టి నాలుగు రోజులకు ఇచ్చినాడు. అడిగిన కూలి మాకు తక్కువనిపించి, కొంత కలిపి ఇచ్చాము. అన్నగారి పన్నెండేళ్ల పాదముద్ర పాత అట్టతో పోయినది. ఆ సంగతి ఆయనకు ఉత్తరంలో వ్రాయడానికి మాకు మరి రెండు నెలలు పట్టినది.