మీకు తెలుసా? గోలీసోడా పుట్టిల్లు ఇంగ్లండు

మైలవరం, నందిగామ ఎండల్లో ప్రాణం లేచొచ్చేలా చేసే గోలీసోడా సీసాను రూపొందించింది హైరమ్ కాడ్ అనే ఇంగ్లీషు ఇంజినీరు. పేటెంటు 1872 నాటిది.

దీనికి విడిగా మూత ఉండదు, లోపలి గోలీయే మూత. సోడా పట్టేటప్పుడు సీసాను తలకిందులు చేస్తారు. గోలీ మూతి దగ్గరికి జారుతుంది, లోపలి గ్యాసు దాన్ని రబ్బరు వాషరుకు అదిమి పట్టేస్తుంది. ఎంత గ్యాసుంటే అంత బిగువు! గట్టిగా నొక్కితే గోలీ ‘కీచ్’మని మెడలోకి దిగుతుంది. మెడ దగ్గరి రెండు నొక్కులు అందానికి కాదు. అవి కిందివైపు ఉండేలా వంచి తాగితే గోలీ వాటి దగ్గరే ఆగిపోతుంది. లేదంటే మళ్ళీ మూతికి అడ్డం పడుతుంది.

ఇంగ్లండులో ఈ సీసాల కోసం పాత చెత్తకుప్పలు తవ్వేవాళ్ళున్నారు. ముదురు నీలం రంగుది దొరికితే పండగే. పాతవి అరుదు కావడానికి పిల్లలూ ఒక కారణం: గోలీ కోసం సీసాలు పగలగొట్టేవారు (మనవాళ్ళేం తక్కువ తిన్నారా!). 1892లో అమెరికాలో పేటెంటు పొందిన రేకు మూత వ్యాపించే కొద్దీ గోలీ సీసా వెనకబడింది. అయినా మన దగ్గరలాగే జపాన్‌లోనూ ‘రామునే’ అనే పానీయం ఇప్పటికీ గోలీ సీసాలోనే వస్తోంది.