మీకు తెలుసా? మణికట్టు వంగితే పట్టు సడలుతుంది
మణికట్టును లోపలికి పూర్తిగా వంచితే చేతి పట్టు బలం దాదాపు సగానికి పడిపోతుంది. పిడికిలి బిగించి ఎవరైనా పరీక్షించుకోవచ్చు. తాపీ మేస్త్రీకి ఇది చిన్న విషయం కాదు. 12 మిల్లీమీటర్ల మందాన ప్లాస్టరింగ్ చేస్తే చదరపు మీటరు గోడకు సుమారు 25 కిలోల సిమెంటు మాలు పడుతుంది. అదంతా చేతి బలంతోనే గోడకెక్కాలి. అందుకే తాపీ పిడిని మణికట్టు తిన్నగా నిలిచే కోణంలో అమర్చాలి. మందం 3 నుంచి 5 సెంటీమీటర్లు, పొడవు కనీసం 10 సెంటీమీటర్లు ఉండాలి. పొట్టి పిడి అయితే దాని కొన అరచేతి మధ్యలో గుచ్చుకుని నరాలను నొక్కుతుంది. పిడికీ రేకుకూ మధ్య వేళ్లకు తగినంత ఖాళీ మరీ ముఖ్యం, లేకపోతే వేళ్లకు తడి సిమెంటు తగులుతుంది: దాని పీహెచ్ 12 పైనే. అది చర్మాన్ని కాల్చేస్తున్నా నొప్పి వెంటనే తెలియదు.